దొరగారి కోటు గుండీలు

పండక్కి ఇల్లు అలంకరించి చుట్టాల చేత ‘ఆహా’ అనిపించుకున్న ఇల్లాళ్ళు బోలెడుమంది. అలంకరించి, ఆ చుట్టాలందర్నీ నేల మీద బోర్లా పడుకోబెట్టిన ఇల్లాలు మాత్రం నాకు తెలిసినంతలో ఒక్కర్తే. ఆవిడ రోజూ పొద్దున్నే మా ఇంటి అద్దంలో కనిపిస్తూ ఉంటుంది. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. మధ్యలో మీరు కొంచెం భయపడాల్సి వస్తుంది, ఓర్చుకోండి. నేను అంతకన్నా ఎక్కువే భయపడ్డాను.

అప్పటికి మా పెళ్ళై ఏడాది కాలేదు. మా ఆయన ప్రభాకర్‌ది కాఫీ తోటల మీద ఉద్యోగం. అరకులోయ దాటి, రోడ్డు సన్నబడి, ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే సెలవు తీసుకున్నాక, సిల్వర్ ఓక్ చెట్ల మధ్య ఒక పాత బంగళా వస్తుంది. దొరల కాలంలో కట్టింది. అదే మా క్వార్టర్స్. అంత పెద్ద బంగళా ఇంత చిన్న ఉద్యోగికి ఎందుకిచ్చారా అని మొదట్లో మురిసిపోయాను. అంతకుముందు వచ్చినవాళ్ళెవరూ అందులో ఉండనన్నారని తరవాత తెలిసింది.

వాళ్ళని తప్పుపట్టలేం. డిసెంబరు వచ్చిందంటే, మధ్యాహ్నం కాఫీ ఇంకా గ్లాసులో ఉండగానే మంచు కిటికీ దగ్గరికి వచ్చేది. వచ్చి ఊరికే పోయేది కాదు, అక్కడే నిలబడి లోపలికి చూస్తున్నట్టు ఉండేది. హాలు పైకప్పు చెక్కది. ఏదో ఒక మూల ఎవరో ఒళ్ళు విరుచుకున్నట్టు చప్పుడయ్యేది. ఒకప్పుడు పెద్ద పటం వేలాడిన చోట గోడ మీద తెల్లటి చదరం ఉండేది. పటంలోని మనిషి బయటికెళ్ళిపోయి, చోటు మాత్రం అట్టే పెట్టినట్టు అనిపించేది. నేను విజయనగరం బస్టాండు వెనక వీధిలో పెరిగినదాన్ని. నిశ్శబ్దాన్ని నేనప్పటికి దూరం నుంచి కూడా ఎరగను.

ఇలా ఉండగా మా అత్తగారు బంగళాలోని ల్యాండ్‌లైన్‌కి ఫోన్ చేశారు. ఆవిడ పార్వతీపురంలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. ఇప్పటికీ ఫోన్‌లో ఆవిడ గొంతు వింటే నేను లేచి నిలబడతాను.

"సునీతా, ఈసారి క్రిస్మస్ మీ దగ్గరే. జ్యోతిని తీసుకొస్తున్నాను. ఆ అబ్బాయినీ, వాళ్ళ నాన్ననీ కూడా రమ్మన్నాను."

జ్యోతి మా ఆడపడుచు. విశాఖలో ఒక ఆసుపత్రిలో నర్సు. ఆ అబ్బాయి సుధీర్ అక్కడే ల్యాబులో పనిచేస్తాడు. ఇద్దరూ ఒకరికొకరు నచ్చి చాలాకాలమైంది. సుధీర్‌కి తల్లి లేదు. తండ్రి ఆనందరావుగారు రిటైరైన పోలీసు ఇన్‌స్పెక్టరు. పెళ్ళి మాట ఎత్తితే ఆయన అవుననేవారు కాదు, కాదనేవారు కాదు. "చూద్దాం" అనేవారు.

"ఎన్నాళ్ళు చూస్తాడమ్మా ఆయన? ఆడగుంటకి వయసు ఆగుతాదా?" అన్నారు అత్తగారు. కోపమొస్తే ఆవిడ బడి భాష పక్కనపెట్టి ఊరి భాషలోకి దిగుతారు. "ఈ పండక్కి ఎదురుగా కూచోబెట్టి తేల్చేయాల. ఇల్లు చూడగానే ఆయన మనసు మెత్తబడాల. అలాగని ఆ మెరుపు కాగితాలూ, ప్లాస్టిక్ చెట్టూ పెట్టేవు గనక! మా చిన్నప్పుడు మిషన్ బడిలో క్రిస్మస్ అంటే అడవి కొమ్మలు, కాయలు, కంకులు, కొవ్వొత్తులు. అంతే. ఆ అందం మరి ఎక్కడా చూళ్ళేదు నేను."

"అచ్చం అలాగే చేద్దాం అత్తయ్యా. ఒక్క ప్లాస్టిక్ ముక్క ఉంటే అడగండి" అన్నాను.

ఆ మాట అనేనాటికి నాకు గుర్తుపట్టడం వచ్చిన చెట్లు వేప, మామిడి. కొబ్బరి కూడా, కాయలుంటే.

అయినా రంగంలోకి దిగాను. మా ఇంట్లో పొద్దుటిపూట పనిచేసి వెళ్ళే బుద్రి పక్క గూడెం మనిషి. ఆవిడ సామ కంకులు, ఎండిన ఆనపబుర్రలు తెచ్చిచ్చింది. సిల్వర్ ఓక్ కొమ్మలు, పొలం గట్టు నుంచి పచ్చటి వలిసె పూలు, తోటలోంచి ఎర్రటి కాఫీ పళ్ళ గుత్తులు నేనే తెచ్చాను. కమలాపళ్ళు చక్రాల్లా కోసి ఎండబెట్టాను. కొండ దారి పక్కన పెద్ద పెద్ద చెట్లకి అల్లుకున్న అడ్డతీగలు కనిపించాయి. అడ్డాకు విస్తళ్ళలో మీరూ భోంచేసే ఉంటారు. ఆ తీగకి కాయలు కూడా ఉంటాయని నేను అప్పుడే చూశాను. జానెడు పొడుగున, చదునుగా, గోధుమరంగు ముఖమల్ తొడిగినట్టు ఎంత ముద్దుగా ఉన్నాయని! కత్తి ఒరల్లా ఉన్నాయి. ఒళ్ళో పట్టినన్ని కోసుకొచ్చాను.

హాల్లో దొరల కాలం నాటి ఫైర్‌ప్లేస్ ఉంది. దాని నెత్తిన ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తోరణం కట్టాను. కొమ్మల మధ్య కంకులు, కంకుల మధ్య ఎర్ర గుత్తులు, గుత్తికీ గుత్తికీ నడుమ ముఖమల్ కాయలు. కట్టి దూరం నుంచి చూసుకుని, నా భుజం నేనే తట్టుకున్నాను.

ప్రభాకర్ కాఫీ కోతల పని మీద వేరే తోటకి క్యాంపు వెళ్ళాడు. ఇంట్లో తోడు అప్పలస్వామి ఒక్కడే. బొబ్బిలి వైపు మనిషి, వంటా, కాపలా రెండూ తనే. ఆ సాయంత్రం మంచు పడగానే ఫైర్‌ప్లేస్‌లో కట్టెలు వెలిగించి వంటింట్లోకి పోయాడు. నేను కుర్చీ లాక్కుని మంట ముందు కూర్చున్నాను.

కాసేపటికి ఎక్కడో కిర్రుమంది. పాత పేము కుర్చీలో ఎవరో మెల్లగా కూర్చుంటే వచ్చే చప్పుడు. తిరిగి చూస్తే పేము కుర్చీ ఖాళీగా ఉంది. సరే, చెక్క పైకప్పు కదా అని సర్దిచెప్పుకున్నాను. మళ్ళీ కిర్రు. ఆ తరవాత ఏ చప్పుడూ లేదు. ఎవరో ఊపిరి బిగబట్టినంత నిశ్శబ్దం.

ఠప్!

తుపాకీ పేలిన చప్పుడు. బయట కాదు, గదిలోనే. అప్పలస్వామి గరిటెతో పరిగెత్తుకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏటమ్మా ఆ సప్పుడు?"

"నిన్నే అడుగుదామనుకుంటున్నాను."

"మీరేటి సేత్తన్నారు?"

"ఏం చెయ్యట్లేదు. కూర్చున్నాను!"

అప్పుడే నా కాలి దగ్గర ఏదో మెరిసింది. వంగి తీశాను. గుండ్రంగా, పల్చగా, ముదురు గోధుమరంగులో నిగనిగలాడుతోంది. ముట్టుకుంటే కొంచెం వెచ్చగా ఉంది, ఇప్పుడే ఎవరి ఒంటి మీంచో ఊడిపడినట్టు.

"గుండీలా ఉంది" అన్నాను. "కానీ రంధ్రాలు లేవు."

అప్పలస్వామి దాన్ని దీపం దగ్గర తిప్పి తిప్పి చూశాడు. మొహం పాలిపోయింది. "పాతకాలం కోటు గుండీలకి బెజ్జాలుండవమ్మా. ఎనకాల కొక్కెం ఉంటాది. ఇరిగిపోనాది."

"ఎవరి కోటు?"

"ఇంకెవరిది? దొరది."

ఆ సాయంత్రం అతను చెప్పిన కథ ఇది. ఈ బంగళాలో ఒక దొర ఒంటరిగా ఉండేవాడట. ఒకరోజు మంచులో ఎవరో పేరు పెట్టి పిలిచినట్టయి, తుపాకీ తీసుకుని బయటికి వెళ్ళాడట. తుపాకీ చప్పుడు వినిపించింది. మనిషి మాత్రం తిరిగి రాలేదు. తెల్లారి చూస్తే కోటు గడప మీద మడతపెట్టి ఉంది. దానికి ఒక్క గుండీ లేదు.

"గుండీలేమైనాయి?"

"అవే ఎతుక్కుంతన్నాడమ్మా."

"ఇన్నాళ్ళూ నాకీ సంగతి చెప్పలేదేం?"

"మీరడగలేదు కదా" అన్నాడు. ఆ తరవాత ఇంకో సలహా కూడా ఇచ్చాడు. "అలాటోటికి నిప్పంటే బయమమ్మా. రేపు మంట కుసింత పెద్దది ఎయ్యాల."

వేశాం. మర్నాడు మంట పెంచితే, ఆ సాయంత్రం కిర్రుమనే చప్పుళ్ళు పెరిగాయి. ఈ మూల ఒకటి, ఆ మూల ఒకటి, ఒకళ్ళ తరవాత ఒకళ్ళు వచ్చి కూర్చుంటున్నట్టు. ఠప్, ఠప్ అని రెండు పేలుళ్ళు. నా భుజం మీద ఎవరో వేలితో తట్టారు. నిజంగా తట్టారు, మీ మీద ఒట్టు. కదలకుండా, వెనక్కి చూడకుండా, మా ఇంటి దేవుణ్ణీ తల్లిదండ్రులనీ తలుచుకుంటూ అలాగే ఉండిపోయాను. చివరికి శాలువా దులిపితే మడతలోంచి ఇంకో గుండీ రాలింది.

చప్పుడెక్కువైంది కాబట్టి మరునాడు మంట ఇంకా పెంచాం. దాంతో గుండీలూ పెరిగాయి. పగలంతా ఇల్లు నోరు మెదిపేది కాదు. పొద్దువాలి మంట రాజుకోగానే మొదలు. దొరికిన గుండీలన్నీ ఒక గాజు సీసాలో వేసి, పోగొట్టుకున్నాయన వచ్చి తీసుకుంటాడని, మర్యాదగా గుమ్మం దగ్గర పెట్టాను. ఆయన తీసుకోలేదు. నాకు ఒక చిన్న అనుమానం వచ్చింది.

"అప్పలస్వామీ, ఒక్క కోటుకి ఇన్ని గుండీలుంటాయా?"

"మెడకాడ, సేతులకాడ, జేబులకాడ... దొరలు కదమ్మా" అన్నాడతను. నాకు సబబుగానే తోచింది. నా తెలివి ఆ రోజుల్లో అలా ఉండేది.

పండగ ముందు ప్రభాకర్ క్యాంపు నుంచి వచ్చాడు. అంతా విని పకపకా నవ్వాడు. "సైన్సు చదువుకున్నావా లేదా నువ్వు?" అని, పేము కుర్చీ మంట ముందుకు లాక్కుని, కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. కిర్రు. నిశ్శబ్దం. ఠప్! గుండీ వచ్చి ఆయన చెవి పక్కనుంచి దూసుకుపోయి గోడ మీది తెల్లటి చదరాన్ని కొట్టింది. సరిగ్గా నడిమధ్యన. ఆయన లేచి, దిండూ దుప్పటీ తీసుకుని వంటింట్లోకి నడిచాడు.

"ఏమైంది?" అన్నాను వెనకాలే పరిగెత్తుతూ.

"ఏం కాలేదు. ఇక్కడ వెచ్చగా ఉంటుంది."

"రేపు మీ అమ్మగారు వస్తారు. ఆ ఇన్‌స్పెక్టరుగారు వస్తారు. ఎలాగ?"

"ఎవరికీ చెప్పొద్దు. మంట మాత్రం గట్టిగా వెయ్యి" అన్నాడు సైన్సు చదువుకున్న మా ఆయన.

మర్నాడు పొద్దున్న తోరణం సరిచూస్తే, ముఖమల్ కాయలు చాలావరకు మెలితిరిగి, నిలువునా చీలి, వికారంగా వేలాడుతున్నాయి. ఎండిపోయి చీలాయి పాపం అనుకున్నాను. అవి పీకేసి, కొండ దారికి వెళ్ళి, ఇంకా ముదురువి, ఇంకా ఎక్కువ కోసుకొచ్చి నిండుగా కట్టాను. ఇక్కడ మీరు తల పట్టుకుంటున్నారని నాకు తెలుసు. పట్టుకోండి.

అతిథులు విశాఖలో రైలెక్కి, సొరంగాలన్నీ దాటి, మధ్యాహ్నం దిగారు. అత్తగారు హాల్లో అడుగుపెట్టి తోరణం చూశారు. చాలాసేపు చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మా మేరీ టీచరు కట్టినట్టే ఉందమ్మా" అన్నారు మెల్లగా. ఆవిడ నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. దొర వచ్చి ఇప్పుడే నన్ను తీసుకుపోయినా ఫరవాలేదు అనిపించింది.

ఆనందరావుగారు ఆరడుగుల మనిషి, మీసాలు, ఇస్త్రీ తెల్ల చొక్కా. కూర్చున్న దగ్గర్నుంచీ తన సర్వీసు కబుర్లే. "ఈ అడవుల్లో బూట్లు విప్పకుండా నెలల తరబడి పడుకున్నానండీ. తూటా చప్పుడు వింటే అది ఏ తుపాకీయో, ఎంత దూరమో చెప్పేవాణ్ని. భయమంటారా? ఆ మాటకి స్పెల్లింగే తెలీదు నాకు." సుధీర్ తల వంచుకుని టీ తాగుతున్నాడు. జ్యోతి వాళ్ళ అమ్మ వైపు చూసింది. అత్తగారు గొంతు సవరించుకున్నారు.

"అన్నయ్యగారూ, పిల్లల సంగతి..."

"చూద్దామమ్మా" అన్నారాయన, కప్పులోకి చూస్తూ.

బయట మంచు తలుపు దాకా వచ్చేసింది. కరెంటు పోయింది. కొవ్వొత్తులు వెలిగించాం. ప్రభాకర్ భయానికి కట్టె మీద కట్టె పేర్చాడు. మంట నాలుకలు చాపి పైకి లేచింది.

"ప్రార్థన చేసుకుందాం" అన్నారు అత్తగారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను ఒక్క కన్నే మూశాను.

అప్పుడు మొదలైంది. కిర్రు. అటు గోడవైపు కిర్రు. ఇటువైపు కిర్రు కిర్రు. చుట్టూ ఉన్న ఖాళీ కుర్చీలన్నిటిలో ఎవరెవరో వచ్చి నెమ్మదిగా కూర్చుంటున్నారు. మాతోపాటు ప్రార్థనకి. ప్రార్థన మధ్యలో అత్తగారి గొంతు సన్నబడింది. ఆనందరావుగారు కళ్ళు తెరవకుండానే, "ఇంకా ఎవరైనా రావాలా అమ్మా?" అని అడిగారు. ఉన్నట్టుండి అన్ని చప్పుళ్ళూ ఒక్కసారే ఆగిపోయాయి.

ఠప్! ఠప్ ఠప్! ఠపఠప ఠప్!

"పడుకోండి!" ఆ అరుపుకి పైకప్పు అదిరింది. "ఎవరూ తలెత్తకండి! చాలామంది ఉన్నారు! చాలా దగ్గర్నుంచి కొడుతున్నారు!" భయం స్పెల్లింగు తెలియని మనిషి అప్పటికే బల్ల కింద ఉన్నారు. మేమంతా బోర్లా పడ్డాం. కొవ్వొత్తులు ఆరిపోయాయి. చీకట్లో ఏవో గోడలకి, కప్పులకి, మా వీపులకి తగులుతున్నాయి. మా నెత్తిన ఆకులూ కంకులూ రాలుతున్నాయి.

"తగిలింది" అన్నారు ఆనందరావుగారు. గొంతు మారిపోయింది. "నాకు తగిలింది."

"ఎక్కడ నాన్నా?" సుధీర్ పాక్కుంటూ వెళ్ళాడు.

"గుండెల మీద. తడిగా ఉందిరా. నొప్పి లేదు. నొప్పి లేదంటే లోతుగా దిగిందన్నమాట." ఒక్క క్షణం ఆగి, "చెల్లెమ్మా, వినండి. నాకట్టే టైము లేదు. పిల్లలిద్దరికీ పెళ్ళి చేసేయండి. జ్యోతి మంచి పిల్ల, నాకు మొదట్నుంచీ తెలుసు. వీళ్ళమ్మ పోయాక నాకు అన్నం పెట్టింది వీడే. వీడూ వెళ్ళిపోతే ఆ ఇంట్లో ఒక్కణ్నే ఎలా ఉండాలో తెలీక... అందుకే చూద్దాం చూద్దాం అన్నాను. ఇంకేం లేదు" అన్నారు.

ఆ చీకట్లో సుధీర్ ఏడవడం వినపడుతోంది.

జ్యోతి మాత్రం ఫోన్ లైటు వేసుకుని బల్ల కిందికి దూరింది. చొక్కా గుండీలు విప్పింది. ఎర్రగా, తడిగా, జిగురుగా ఉన్నదాన్ని వేలితో తీసి వాసన చూసింది. నర్సు కదా, ఆమెకి చేతులు వణకవు.

"మావయ్యా, ఇది రక్తం కాదు. కాఫీ పండు. మీ కింద పడి నలిగింది."

"మరి తూటా?"

జ్యోతి ఆయన కాలర్లోంచి గుండ్రటిదాన్ని తీసింది. నేను ఇక ఆపుకోలేకపోయాను. "అది తూటా కాదండీ! దొరగారి కోటు గుండీ!" అని అరిచాను. నేల మీద పడుకున్నవాళ్ళందరూ తలలు తిప్పి నన్ను చూశారు. వంటింటి గుమ్మంలోంచి అప్పలస్వామి గొంతు వినిపించింది. "అమ్మా, దొర ఎల్లిపోనాడా?"

జ్యోతి లైటు పైకెత్తింది. ఆ వెలుగులో, మా అందరి కళ్ళ ముందూ, మిగిలిపోయిన ఒక ముఖమల్ కాయ మెల్లగా మెలితిరిగింది. కిర్రుమంది. ఆగింది. ఠప్పని నిలువునా చీలి, లోపలున్న నిగనిగలాడే గింజ ఎగిరొచ్చి నా నుదుటిని కొట్టింది. సరిగ్గా తెలివితేటలు ఉండాల్సిన చోట.

ఆ తరవాతి నిశ్శబ్దం దొర తెచ్చినదానికన్నా భయంకరంగా ఉంది. ఆనందరావుగారు బల్ల కింద నుంచి వచ్చి, చొక్కా దులుపుకుని, మీసాలు సర్దుకున్నారు.

"ఇందాక నేనన్న మాటలు..." అని మొదలుపెట్టారు.

"అన్నయ్యగారూ" అన్నారు అత్తగారు, జుట్టులోంచి సామ కంకి తీసుకుంటూ. "మీరు డిపార్ట్‌మెంటులో చేసినవారు. మరణ వాంగ్మూలం వెనక్కి తీసుకోడం ఉంటాదా?"

"నేను పోలేదు కదమ్మా!"

"అది మీ ఇష్టం. వాంగ్మూలం మాత్రం మేమందరం విన్నాం."

ఆయన ఏదో అనబోయారు. జ్యోతి ఆయన చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. "మీరు ఒక్కరే ఎందుకుంటారు మావయ్యా? మాతోనే ఉంటారు. బీపీ మాత్రలు వేసుకోమని మీ అబ్బాయిలా బతిమాలను, నోరు తెరిచి వేసేస్తాను" అంది. ఆనందరావుగారు కొడుకు వైపు చూశారు, కాఫీ పండు మరక వైపు చూసుకున్నారు. ఆ తరవాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు ఆగేసరికి పెళ్ళి ఖాయమైపోయింది.

అత్తగారు నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా, "మా బడిలో ఇలా పేలలేదమ్మా" అని మాత్రం అన్నారు.

క్రిస్మస్ పొద్దున్న బుద్రి వచ్చి, హాలంతా చూసి, సంబరంగా అడిగింది. "అన్నీ పేలాయా అమ్మా?"

నేను చీపురు కింద పడేశాను. "పేలతాయని నీకు తెలుసా?"

"తెలీకేటి? అడ్డకాయలు ఎండితే పేలవా? సెగ తగిల్తే ఇంకా బేగి పేలతాయి."

"మరి నాకు చెప్పలేదేం?"

"పండక్కి కొన్న సామానేదీ వద్దు, అన్నీ అడవివే అన్నారు కదా. టపాసులు కూడా అడవివే కట్టుకున్నారనుకున్నాను. తెలివైన మనిషి అనుకున్నాను" అంది బుద్రి. సీసాలోని గుండీలన్నీ పెనం మీద వేయించి పెట్టింది. చాలా రుచిగా ఉన్నాయి. దొరగారి కోటంతా ఆ పండగ పూటే తినేశాం.

వేసవిలో పెళ్ళయింది. వేదిక అలంకారం మాట రాగానే, నేను నోరు తెరవకముందే ఇరుపక్షాల వాళ్ళూ నన్ను వంటల దగ్గరికి పంపించారు. నేనూ గౌరవంగానే వెళ్ళాను. వెళ్ళే ముందు మాత్రం అందరి ఎదుటా కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ కొమ్మగానీ, కాయగానీ, కంకిగానీ, ఎంత అందంగా ఉన్నా, ఎంత పాతకాలపుదైనా, ఎవరి చిన్నప్పటి జ్ఞాపకమైనా, నా చేత్తో ఏ గోడకీ కట్టను గాక కట్టను. ఒకవేళ కట్టమని ఎవరైనా కాళ్ళా వేళ్ళా పడితే, కట్టేసి పక్క ఊరికి వెళ్ళిపోతాను.

ఆనందరావుగారు పట్టు పంచెలో పక్కనే నిలబడి శ్రద్ధగా విన్నారు. "అమ్మా, ఇది మామూలు మాటా," అని అడిగారు, "లేక బల్ల కింద చెప్పే మాటా?"